కిలో రాయి మీద రెండు ముద్రలు

బడి వెనక వీధి, మేడమీది అద్దె గది.
వానలు మొదలైన వారం.

గౌరవనీయులైన చెల్లెలు గారికి,

విషయం: విశ్రాంత జీవితం – స్థితిగతులు – రొట్టె తూకంలో గమనించిన తేడా – తెలియజేయుట గురించి.
సూచిక: "అసలు బతికే ఉన్నావా, లేదా?" అన్న నీ ఉత్తరం.

సూచికలోని ప్రశ్నలో మొదటి సగం నాకు వర్తిస్తుంది.

నాన్న పనిచేసిన తూనికలు, కొలతల శాఖలోనే ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసిన పిమ్మట ఏ ఊళ్ళో స్థిరపడాలన్న అంశం నా పరిశీలనకు వచ్చింది. బదిలీల మీద నేను కాపురమున్న ఊళ్ళన్నిటిలోనూ వ్యాపారులు నన్ను చూడగానే త్రాసు తుడవడం మొదలుపెడతారు. అటువంటి చోట మనిషి ప్రశాంతంగా ఉల్లిపాయలు కొనుక్కోలేడు. అందుచేత మనం చిన్నప్పుడు పెరిగిన ఈ ఊరికే తిరిగి వచ్చాను. ఇక్కడ నన్నెవరూ గుర్తుపట్టలేదు. ఇది నా ప్రతిష్ఠకు కొంత నష్టమే అయినా ఉల్లిపాయల విషయంలో లాభం.

ఇక అసలు సంగతి. బడి మలుపులోని బేకరీ నీకు గుర్తుండే ఉంటుంది. "ఆ గడప తొక్కారంటే కాళ్ళు విరగ్గొడతాను" అని అమ్మ జారీ చేసిన నిషేధాజ్ఞ నేటికీ రద్దు కాలేదని నాకు తెలుసు. నేను గడప తొక్కలేదు. దాటి లోపలికి వెళ్ళాను. కిలో రొట్టె కొన్నాను. అందుకోగానే చేతికి అనుమానం వచ్చింది. గదికి తెచ్చి నా సొంత త్రాసులో వేస్తే నలభై గ్రాములు ఎక్కువ. మరునాడు మరో రొట్టె కొన్నాను. అంతే ఎక్కువ. ఒకసారి జరిగితే పొరపాటు, వరుసగా జరిగితే విధానం. విధానమైనప్పుడు ప్రశ్నించడం పౌరుడి ధర్మం.

సదరు బేకరీ యజమానురాలితో జరిగిన సంభాషణ ఇది:

"తక్కువొచ్చిందని పోట్లాటకొచ్చేవాళ్ళని చూశాను. ఎక్కువొచ్చిందని వచ్చింది మీరే మొదలు. ఏం చేయమంటారు, కోసి వెనక్కి తీసుకోనా?"

"తేడా తేడాయేనండీ. ఎటు మొగ్గినా తప్పే."

"మీ ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని ఎలా భరిస్తున్నారండీ?"

"ఇంట్లో ఎవరూ లేరు."

"అదీ సంగతి," అంటూ ఒక బన్ను కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. "దీన్ని తూచలేదు. హాయిగా తినండి."

సదరు బన్నును తూచాను. ఆ తరువాత తిన్నాను. రుచి విషయమై నా శాఖకు అధికార పరిధి లేదు గనుక వ్యాఖ్యానించను.

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించవద్దని మనవి.

ఇట్లు,
నీ అన్నయ్య

*

లా కాలేజీ క్వార్టర్సు, వంటింటి బల్ల.
వాన తెరిపిచ్చిన ఆదివారం.

అన్నయ్యా,

నీ నివేదిక అందింది. నేను సాక్ష్యాల చట్టం పాఠాలు చెప్పుకు బతికేదాన్ని. చెప్పినదానికన్నా చెప్పకుండా వదిలేసినదే ఎక్కువ మాట్లాడుతుందని ప్రతి ఏడూ పిల్లలకు బల్ల గుద్ది చెబుతుంటాను. నీ ఉత్తరంలో రొట్టె బరువుంది. ఆవిడ వయసెంతో, నవ్వితే ఎలా ఉంటుందో, మొగుడున్నాడో లేడో ఒక్క ముక్క లేదు. బన్ను రుచి మీద వ్యాఖ్యానించను అంటావా? ఎగ్జిబిషన్లో తిన్న బజ్జీ రుచి మీద నాకు నాలుగు పేజీలు రాసినవాడివి నువ్వు!

అరవై రెండేళ్ళు నీ పెళ్ళి ఫైలు మీద "తరువాత పరిశీలించబడును" అని రాసి పక్కన పెట్టావు. అమ్మ అడగడం మానేసింది. నేను అడగడం మానలేదు. కాబట్టి మళ్ళీ వెళ్ళు. తూకానికి కాదు, బన్నుకి వెళ్ళు.

అమ్మ బాగానే ఉంది. అదే పాత ఇత్తడి తొడుగు వేలికి పెట్టుకుని దిండు గలీబులు కుడుతోంది. నా కుట్టు చూసి, "దీన్ని కుట్టంటారా? కుక్క కరిచినట్టుంది" అంటోంది. నీ ఉత్తరం చదవలేదులే, కంగారుపడకు.

నీ చెల్లెలు

*

మేడమీది గది.
కిటికీ రెక్క ఉబ్బి మూసుకోని రోజులు.

చెల్లాయికి,

విషయం: సదరు బేకరీ – తదుపరి తనిఖీలు – ఒక ప్రతిపాదన గురించి.

నీవు కోరిన అదనపు సమాచారం: ఆవిడకు భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. తల్లి పెట్టిన బేకరీని ఒంటిచేత్తో నడుపుతోంది. తండ్రి ఈవిడ పుట్టకముందే పోయాడట. ఒక్క ఫొటో కూడా లేదట. వయసు అడిగే అధికారం నాకు లేదు. చూడబోతే నాకన్నా చిన్నదే. నవ్వితే ముందు కళ్ళు మూసుకుంటుంది, నవ్వు తరువాత వస్తుంది. మధ్యలో ఎదుటివాడికి ఏం చేయాలో తోచదు.

బేకరీకి రోజూ వెళ్ళడానికి కారణం విచారణ ఇంకా ముగియకపోవడమే. అమ్మకానికి కొత్త యంత్రం పెట్టినా, లోపల పిండి ముద్దలను మాత్రం ఆవిడ ఇప్పటికీ పాత త్రాసులోనే తూస్తుంది. దానికొక పాత ఇనుప కిలో రాయి ఉంది. తేడా అంతా ఆ రాయిలోనే ఉందని నా ప్రాథమిక నిర్ధారణ. తీసి చూపించమంటే, "అది మా అమ్మ వాడిన రాయి. అలా రోడ్డున పోయేవాళ్ళ చేతికి ఇస్తానా?" అంది.

"రోడ్డున పోవడం లేదు కదండీ. రోజూ ఇక్కడే ఉంటున్నాను."

"అవునవును. గోడ గడియారం కన్నా మిమ్మల్నే ఎక్కువ చూస్తున్నాను."

వట్టినే కూర్చోబెట్టడం ఇష్టం లేక నాకు పిండి పిసకడం నేర్పింది. మొదటి ముద్ద చూసి, "ఇది రొట్టె కాదండీ, గోడకు వేసే సున్నం," అంది. చిన్నప్పుడు ఈ పని చేసే ఒక ఆవిడను ఈమె పిండత్త అని పిలిచేదట. పేరు తెలియదట. తెల్లవారకముందే పెరటి దారిన వచ్చేదట, ఈ పిల్ల చేత ఎక్కాలు అప్పచెప్పించుకుంటూ పిండి కలిపేదట. ఒక పొడుగాటి మనిషి రొట్టె కొనడానికి వచ్చినప్పుడల్లా మాత్రం పిండి బస్తా వెనక నక్కేదట. "ఎందుకత్తా?" అంటే, "దాగుడుమూతలే పిల్లా, నోరు తెరవకు" అనేదట. ఆ పిండత్త ఎవరో గానీ, ఆవిడ మాట వచ్చినప్పుడల్లా ఈమె ముఖం పొయ్యి ముందు నిలుచున్నట్టు వెచ్చబడుతుంది.

ప్రతిపాదన విషయం. వచ్చే ఆదివారం రాయిని నా చేతికి ఇస్తానని మాట ఇచ్చింది. దానిని పరిశీలించిన మీదట, ఆవిడతో ఒక సొంత విషయం మాట్లాడదలచుకున్నాను. ముసాయిదా సిద్ధంగా ఉంది. అద్దం ముందు చదివి చూసుకున్నాను. కొంచెం తనిఖీ నోటీసులా వినబడుతోంది. సవరిస్తున్నాను.

అన్నయ్య

*

వంటింటి బల్ల, చేతికి ఇంకా పసుపు ఉండగానే.

అన్నయ్యా, అన్నయ్యా,

"సదరు యజమానురాలు" మొదటి ఉత్తరంలో. "ఆవిడ" రెండో ఉత్తరంలో. మూడో ఉత్తరంలో నా వదిన అని రాయకపోతే నీ పింఛను ఆపించేస్తాను.

ముసాయిదా చింపేయ్. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?" ఇంతే చాలు. విషయం వద్దు, సూచిక వద్దు, కింద సంతకం అసలే వద్దు.

ఆదివారం ఎప్పుడవుతుందా అని మీ బావగారు కూడా క్యాలెండరు చూస్తున్నారు. ఆయన నాకు తెలిసి క్యాలెండరు చూసేది క్రికెట్టు కోసమే.

చెల్లెలు

*

మేడమీది గది.

చెల్లాయ్,

ఆదివారం రాయి నా చేతికి ఇచ్చింది. బోర్లించి చూశాను. ఇనుప రాయి అడుగున ఒక గుంట ఉంటుంది. తూకం సరిచేయడానికి అందులో సీసం పోసి, ఆ సీసం మీద ఇన్‌స్పెక్టరు ముద్ర కొడతాడు. ఆ రాయిలో సీసం రెండు పొరలుగా ఉంది. కింద పాతది. పైన ఎవరో తరువాత పోసినది. ఆ పై పొర మీద గసగసాలంత బొడిపెలు, తేనెపట్టు గదుల్లా వరుసలు తీరి ఉన్నాయి. అటువంటి పనిముట్టు మా శాఖలో లేదు. ఆ బొడిపెల పక్కనే ముద్ర ఉంది.

ముద్ర నాన్నది.

పొరపడే అవకాశం లేదు. ఆయన నంబరున్న ఉక్కు అచ్చును చిన్నప్పుడు కొవ్వొత్తి మైనం మీద నొక్కి నొక్కి తన్నులు తిన్నవాడిని. మా హెడ్డాఫీసు గోడ మీద నాన్న ఫొటో ఇప్పటికీ ఉంది. కింద "తేడా ఎరుగని అధికారి" అని రాసి ఉంటుంది. ఆయన చేతికి రాయి తగిలితే చాలు, బరువు తెలిసిపోయేది. కాబట్టి తెలియక కొట్టిన ముద్ర కాదు. తెలిసి, తప్పుడు రాయి మీద కొట్టాడు. జీవితం మొత్తంలో ఒకే ఒక్కసారి, ఒంటరి ఆడమనిషి నడిపే ఒక బేకరీలో.

ఎందుకు? ఆ గడప మనల్ని తొక్కనివ్వకూడదని అమ్మ అంత పట్టు ఎందుకు పట్టింది? ఈవిడకు తండ్రి ఫొటో ఒక్కటీ ఎందుకు లేదు? ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడు. నువ్వు పాఠాలు చెప్పేదానివి, నీకు వివరించనక్కర్లేదు. అయినా రాస్తాను, రాయకపోతే నాకు నిద్ర పట్టదు. నేను అనుకున్నదే నిజమైతే, నేను పెళ్ళి చేసుకోదలచిన మనిషి నాన్న కూతురు. నాకు చెల్లెలు.

నాకు చెల్లెలు ఒకతే ఉంది. అదే ఎక్కువ.

రాయి తిరిగి ఇచ్చేశాను. సొంత విషయం మాట్లాడలేదు. "ఏమైందండీ, మొహం అలా పాలిపోయింది?" అని అడిగింది. కడుపులో బాగా లేదన్నాను. ఆ తరువాత బేకరీకి వెళ్ళలేదు. ఎదురు వీధిలోంచి చుట్టు తిరిగి వస్తున్నాను. నిన్న మేడ మెట్ల మీద ఒక బన్ను పొట్లం పెట్టి ఉంది. ఎవరు పెట్టారో నాకు తెలుసు. తూచలేదు.

అమ్మను అడుగు. లేదా అడగకు. ఏది మంచిదో నాకు తెలియడం లేదు. ఇలాంటి వాక్యం నేను ఉద్యోగంలో ఎన్నడూ రాయలేదు.

అన్నయ్య

*

లా కాలేజీ క్వార్టర్సు. అమ్మ పక్కనే కూర్చుని, తప్పు రాస్తే దిద్దడానికి సిద్ధంగా ఉండగా.

అన్నయ్యా,

ముందు తీర్పు, తరువాత కారణాలు. ఆవిడ నీకు చెల్లెలు కాదు. మంచినీళ్ళు తాగు. తాగావా? ఇప్పుడు చదువు.

మొదట ఒక సంగతి. నీ ఉత్తరాలన్నీ మొదటినుంచీ అమ్మకు చదివి వినిపిస్తూనే ఉన్నాను. చదవకపోతే ఊరుకుంటుందా? బేకరీ మాట వచ్చినప్పుడు ఏమీ అనలేదు. పిండత్త దగ్గర మాత్రం, "ఆ ముక్క మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. గలీబు మీద వంగి కుట్టుకుంటూనే ఉంది, అయితే సూదిలో దారం లేదు. నీకు రాస్తే కంగారుపడతావని దాచాను.

నీ ఆఖరి ఉత్తరం మాత్రం ముందు నేనొక్కదాన్నే చదువుకున్నాను. బొడిపెల దగ్గర ఆగిపోయాను. లేచి వెళ్ళి, అమ్మ ఇత్తడి తొడుగు తీసుకొచ్చి, స్నానం సబ్బు మీద నొక్కాను. గసగసాలంత బొడిపెలు. తేనెపట్టు వరుసలు. సబ్బు పట్టుకెళ్ళి అమ్మ ముందు పెట్టి, నీ ఉత్తరం మొత్తం చదివాను.

నాన్న కూతురన్న మాట వినగానే అమ్మ పకపకా నవ్వింది. మన అమ్మ అలా నవ్వడం నువ్వెప్పుడైనా విన్నావా? నేను వినలేదు. భయపడి నీళ్ళు తేబోయాను.

"మీ నాన్నా? ఆయనకు నాతో మాట్లాడడానికే మాటలు దొరికేవి కావు. ఇంకొకరికి ఎక్కడ మిగులుతాయే?" అంది. "మనం ఆ ఊరు బదిలీ మీద వచ్చేసరికి మీ అన్నయ్యకు నాలుగేళ్ళు. నువ్వింకా పుట్టలేదు. అంతకుముందు మీ నాన్నకు ఆ ఊరు తూర్పునుందో పడమరనుందో తెలియదు. మేం వచ్చేటప్పటికే ఆ బేకరీ పిల్ల ముందు పళ్ళూడిపోయి ఈలేసుకుంటూ తిరుగుతోంది."

పాలపళ్ళు ఊడే వయసు ఎంతో నీకు తెలుసు. కాబట్టి ఆవిడ నీకు చెల్లెలు కాకపోవడమే కాదు, నీకన్నా పెద్దది. ఈ సంగతి ఎలా తట్టుకుంటావో నీ ఇష్టం.

ఇక రాయి సంగతి. నాన్న ఒక ఏడాది "పైచదువుల సెలవు" పెట్టి ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదివేవాడు, గుర్తుందా? అది సెలవు కాదట. పలుకుబడి ఉన్న ఒక వ్యాపారి దొంగ కాటాను పట్టుకుని సీజు చేసినందుకు సస్పెండ్ చేశారట. పిల్లలకు తెలియకూడదని పైచదువులు కనిపెట్టారు. ఇల్లు గడవడానికి అమ్మ బేకరీలో పిండి కలపడానికి వెళ్ళింది. మనకు చెప్పింది "వాహ్యాళి". ఆ రోజుల్లో ఆరోగ్యం కోసం నడిచే ఆడవాళ్ళు ఎవరున్నారని మనం అడగలేదు. తను రాగానే మనం ఒళ్ళో తలపెట్టుకుంటే వెచ్చటి వాసన వచ్చేది, అది అమ్మ వాసన అనుకున్నాను. కాదు, రొట్టె వాసన.

"నాన్నకు తెలుసా అమ్మా?"

"తెలియనట్టు ఉండేవాడు. మీ కంట పడకూడదని మిమ్మల్ని ఆ గడప తొక్కొద్దన్నాను కదా, రొట్టెకు ఆయనే వచ్చేవాడు. నేను బస్తా వెనక దాక్కునేదాన్ని. పెరటి గుమ్మం దగ్గర నా చెప్పులు ఉండేవి. వాటిని చూసి, తల అటు తిప్పుకుని, రొట్టె తీసుకుని వెళ్ళిపోయేవాడు. నేను ఇంటికెళ్ళాక 'వాహ్యాళి బాగా జరిగిందా?' అని అడిగేవాడు. 'బ్రహ్మాండంగా జరిగింది' అనేదాన్ని."

"మరి సీసం?"

"ముక్కలు కోసి వడ్డించేటప్పుడు తన ముక్క మీ కంచాల్లోకి జరిపేవాడు, నేను చూడనప్పుడు. నేను చూడనట్టు ఉండేదాన్ని. రొట్టె కాస్త పెద్దదైతే, ఎంత జరిపినా కొసరు ముక్క ఆయనకు మిగులుతుంది కదా అని. సీసం మీ నాన్న పెట్టెలోదే. ఆయనా ఖాళీగా కూర్చున్నాడు, పెట్టె కూడా ఖాళీగా కూర్చుంది. బేకరీ పొయ్యి ఉండగా గరిటెలో సీసం కరగడం ఎంతసేపు? తొడుగు పెట్టి అదిమాను. ఆ పిల్ల తల్లికి, అప్పటి బేకరీ ఆవిడకు, చెప్పే చేశాను. 'ఒక్కరి కోసం వేరే రాయి ఎక్కడ పెట్టను, ఊరందరికీ వెళ్తుంది పో' అంది. ఆ రాయితో ఊళ్ళో బేరం రెట్టింపైంది, అది వేరే సంగతి."

నాన్నను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నాక మొదటి తనిఖీ ఆ బేకరీకే పడిందట. రాయి ఎత్తాడట. ఎత్తగానే తెలిసిపోయింది. బోర్లించి, బొడిపెలను వేలితో తడిమాడట. బేకరీ ఆవిడ గుండె చేత్తో పట్టుకుని నిలుచుంది. అచ్చు తీసి ముద్ర కొట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి భోజనం దగ్గర అమ్మతో అన్నదల్లా ఒక్క మాట:

"ఇవాళ ఒక రాయి చూశాను. పనితనం బాగుంది."

అంతే అన్నయ్యా. ఆ పైన ఆయన పోయేదాకా ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"ఎందుకమ్మా? చెప్పుకుంటే ఏం పోయేది?" అన్నాను.

"ఆయన అంత కష్టపడి చూడనట్టు నటిస్తుంటే, చూశావని చెప్పి పాడుచేయమంటావా?" అంది. మరి గడప మీద నిషేధం ఇన్నేళ్ళు ఎందుకుంచావంటే, సూదిలో దారం ఎక్కిస్తూ, "ఎత్తేయడం మరిచిపోయాను" అంది.

లేచి బేకరీకి పో.

చెల్లెలు

*

బేకరీ, పొయ్యి గది. పిండి బస్తా మీద కాగితం పెట్టి.

చెల్లాయికి,

విషయం: ప్రతిపాదన – ఆమోదం – గురించి.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని, గొడుగు మరిచిపోయి బేకరీకి వెళ్ళాను. ఆవిడ తలెత్తకుండానే అంది:

"రండి ఇన్‌స్పెక్టరు గారూ. రొట్టె మానేశారా, ఊళ్ళో సరైన తూకం ఎక్కడైనా దొరికిందా?"

అంతా చెప్పాను. నాన్న ముద్ర, అమ్మ తొడుగు, పైచదువులు, వాహ్యాళి. ఆవిడ పిండి చేతులతోనే వెళ్ళి బస్తా వెనక మూలను చాలాసేపు చూసింది.

"మా పిండత్త మీ అమ్మగారా? ఉన్నారా ఇంకా?"

"ఉంది. ఎక్కాలు తప్పు చెబితే ఇప్పటికీ ఊరుకోదు."

ఆ మాటకు కళ్ళు మూసుకుంది. నవ్వు వస్తుందనుకున్నాను. ఈసారి ముందు కన్నీళ్ళు వచ్చాయి, నవ్వు వాటి వెనక వచ్చింది. కాసేపటికి తేరుకుని అడిగింది:

"ఇన్నాళ్ళూ మొహం చాటేసింది అందుకా? నేను మీ చెల్లెలినేమో అనా?"

"సందేహ నివృత్తి జరిగేవరకు..."

"సందేహమొస్తే మనిషిని అడగాలి గానీ చుట్టు వీధుల్లో తిరుగుతారా? కడుపులో బాగాలేదన్నారని మెట్ల మీద బన్ను పెట్టి వచ్చానే! ఇప్పుడు అడగాల్సింది ఏదో అడగండి, పొయ్యి చల్లారిపోతోంది."

సవరించిన ముసాయిదా గుర్తుకు రాలేదు. నువ్వు రాసిన వాక్యమే గుర్తుకొచ్చింది. అడిగాను.

"నేను మీకన్నా పెద్దదాన్నని తేలిందిగా. అయినా అడుగుతున్నారా?"

"మా శాఖ సీనియారిటీని ఎల్లప్పుడూ గౌరవిస్తుందండీ."

"సరే. కానీ రోజూ పొద్దున్నే పొయ్యి మీరు వెలిగించాలి."

షరతుకు లోబడి ఒప్పందం కుదిరింది. రిజిస్ట్రారు ఆఫీసులో వచ్చే నెల. ఆవిడ ఇప్పుడు ఈ ఉత్తరం నా భుజం మీదుగా చదువుతూ, "ఆవిడ ఆవిడ అంటారేం? పేరు లేదా నాకు?" అంటోంది. కాబట్టి సవరణ: మీ వదిన.

అన్నయ్య

*

చేతిరాత చెల్లెలిది, మాటలు మీ అమ్మవి.

నాయనా,

విన్నాను. సంతోషం. పెద్దదైతే మంచిదే, నీకు చెప్పేవాళ్ళుండాలి. ఆ పిల్ల పన్నెండో ఎక్కం దగ్గర ఎప్పుడూ తడబడేది, ఇప్పుడు వచ్చో రాదో కనుక్కో.

చిన్నప్పుడు నన్ను అత్తా అని పిలిచింది. ఇకమీదట కూడా అలాగే పిలవమను, కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు.

పెళ్ళికి కేకు నేను చేస్తాను. మీరెవరూ అడ్డు రావద్దు. మీ చెల్లెలు నా వయసు గుర్తు చేస్తోంది. దాని కుట్టు నేను చూశాను, అది నాకు చెప్పేదేముంది?

ఇంకొక సంగతి. ఆ బేకరీకి ఇన్నాళ్ళూ పెరటి దారినే వెళ్ళాను. ఈసారి వీధి గుమ్మంలోంచి వస్తాను. నిషేధం ఈ ఉత్తరంతో ఎత్తేశాను.

అమ్మ

*

బేకరీ మీది గది.
వానలు వెనకబట్టిన మొదటి పొడి ఉదయం.

చెల్లాయికి,

విషయం: అమ్మ బస – బేకరీలో ఆకస్మిక తనిఖీ – నా మీద మోపిన అభియోగం గురించి.

పెళ్ళయ్యాక మీరిద్దరూ అమ్మను మా దగ్గర వదిలి బస్సెక్కారు కదా. మరునాడు పొద్దున్నే అమ్మ లేచి, చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళి, మళ్ళీ వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. గడప మీద కాసేపు ఆగింది. తరువాత తొక్కింది. గట్టిగా.

"కిలో రొట్టె ఇవ్వమ్మాయ్," అంది మీ వదినతో, ఊళ్ళోకి కొత్తగా వచ్చిన మనిషిలా.

మీ వదిన కూడా అంతే బుద్ధిగా, "తీసుకోండత్తా," అని ఇచ్చింది. అమ్మ రొట్టెను రెండు చేతుల్లోకి తీసుకుని ఎత్తి చూసింది. మొహం మారింది. ఇంకోసారి ఎత్తింది.

"ఇది నా రాయితో తూచిన ముద్ద కాదు. తగ్గింది."

"రాయి అదే అత్తా. నేను ముట్టుకోనైనా లేదు."

"మరి ముద్దలు తూచేదెవరు?"

ఇద్దరూ నావైపు తిరిగారు. పెళ్ళి కుదిరినప్పటి నుంచీ ముద్దలు తూచే బాధ్యత నాది. వాస్తవం దాచడం నాకు చేతకాదు గనుక ఒప్పుకున్నాను. రాయి జోలికి పోలేదు, దాని మీద నాన్న ముద్ర ఉంది. అయితే ముద్ద తూచిన తరువాత దానిలోంచి ఎక్కువైన చిటికెడు పిండి తీసేసేవాడిని. చేతులు ఊరుకోవు చెల్లాయ్. ఉద్యోగమంతా చేసిన అలవాటు.

"తీసిన పిండి ఏం చేశావురా?" అంది అమ్మ.

నేను త్రాసు తుడవడం మొదలుపెట్టాను. ఇంతలో మీ వదిన, నావంక చూడకుండా, బల్ల మీది తన టీ కప్పు పక్కనున్న చిన్న బన్ను తీసి అమ్మకు చూపించింది.

"రోజూ పొద్దున్నే ఇక్కడ ఒకటి ఉంటోందత్తా. తూచలేదు కదా అని తినేస్తున్నాను. ఎవరు పెడుతున్నారో తెలియనట్టు."

అమ్మ బన్నును చూసింది, నన్ను చూసింది.

"వాళ్ళ నాన్నే," అంది చివరికి, ఎవరికి చెబుతోందో తెలియకుండా. వెంటనే గొంతు మార్చి, కొంగు బొడ్లో దోపుకుంటూ ఉత్తర్వు జారీ చేసింది: "ఊరి రొట్టెలో నలభై గ్రాములు ఊరికే చెందుతాయి, అందులోంచి చిటికెడు ముట్టుకున్నా ఊరుకోను. పెళ్ళాం బన్నుకు వేరే పిండి తీసుకో. ఇకనుంచి దొంగతనంగా కాదు, చేతికివ్వు. మేమిద్దరం చేసిన పొరపాటు నువ్వు చేయకు. లే, జరుగు, ఆ ముద్ద పిసికింది ఎవరు, సున్నంలా ఉంది!"

అని నన్ను పక్కకు నెట్టి పిండిలో చేతులు పెట్టింది. మీ వదిన పన్నెండో ఎక్కం మొదలుపెట్టింది. మధ్యలో తడబడింది, నాకు తెలిసి కావాలనే.

ఉత్తర్వును అమలు చేస్తున్నానని తెలియజేయడమైనది. ఇవాళ బన్ను చేతికే ఇచ్చాను. మీ వదిన దాన్ని తీసుకుని, అరచేతిలో ఎత్తి చూసి, "బరువుగా ఉందండీ," అంది.

తూచమని అడగలేదు. నేనూ తూచలేదు.

ఇట్లు,
నీ అన్నయ్య